ఊరిడిచినోని పెట్టె

మా బాపుకు చెవులు వినపడవు. సాంచాల మీద పనిచేసినవాళ్లలో చాలామందికి వినపడవు, అదేం వింత కాదు. సాంచాలంటే మరమగ్గాలు. ఒకే షెడ్డులో అన్ని మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా మాట చెవికి చేరదు. అందుకే ఆ పని చేసేవాళ్లంతా పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు పెగలక్కర్లేదు, నోరు కదిపితే చాలు, నాలుగు మగ్గాల అవతలున్నవాడు చదివేస్తాడు. పోగు తెగింది చూడు, సేటు వస్తున్నాడు, చాయ్‌కి పోదామా, నీ పెండ్లాం ఊరి నుంచి వచ్చిందా, అన్నీ పెదవుల మీదే. బాపు వయసులో ఉన్నప్పుడు భివండిలో, తర్వాత సిరిసిల్లలో అదే పని చేశాడు. చెవులు మగ్గాలకు ఇచ్చేసి, కళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ కళ్లతో నన్ను సతాయించుకు తింటాడు. సుల్తానాబాద్‌లో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్ గుడ్డలు, లంగాలు, ఫాల్సు, దారపు ఉండలు అమ్ముతాం. అవ్వ, అంటే మా అమ్మ, పోయాక బాపును నా దగ్గరికే తెచ్చుకున్నాను, నేను ఒక్కదాన్నే సంతానం. పొద్దున చాయ్ తాగి దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. రోడ్డు మీద ఎవరు ఏం మాట్లాడుకున్నా ఆయనకు కావాలి. ఒకసారి ఇద్దరు ఆడవాళ్లు నా దగ్గర గుడ్డలు చూసి, మెట్లు దిగి, అవతల నిలబడి ఏదో గుసగుసలాడుకున్నారు. బాపు లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమే, గా ఎర్రచీరామె నీ రంగులన్ని ఎలిసిపోయినయంటుంది. ఎండల పెట్టినవా ఏంది?" ఆ ఎర్రచీరామె మళ్లీ మా గడప తొక్కలేదు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు కదా.

ఇలాంటి మనిషికి, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద చేసే వస్తువు ఒక హార్మోనియం. మేం దాన్ని పెట్టె అంటాం. వినపడని మనిషికి పెట్టెతో పనేమిటని వచ్చినవాళ్లందరూ అడుగుతారు. ఆ సంగతే చెబుతాను.

బాపు పుట్టింది హుజూరాబాద్ దగ్గర ఒక పల్లెలో. చేతిమగ్గం కూడు పెట్టకపోయేసరికి మీసాలు సరిగ్గా రాని వయసులో భివండి బస్సెక్కాడు. అక్కడ ఒక ఖోలీలో చోటు దొరికింది. ఖోలీ అంటే గది. అందులో పగటి పనివాళ్లు లేచిన చాపల మీద రాత్రి పనివాళ్లు పడుకునేవాళ్లు. చాపకు వేడి తగ్గేది కాదని బాపు ఇప్పటికీ అంటాడు. ఆ గదిలో తెలుగువాడు ఆయన ఒక్కడే. హిందీ రాదు. ఊరి మీద బెంగతో అన్నం ముద్ద గొంతు దిగేది కాదట. పని దగ్గర పక్క మగ్గం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన సాయెబు. బాపు ఆయన్ను చాచా అనేవాడు. ఆ చప్పుడులో ఎవరి భాషైనా ఒకటే కాబట్టి బాపు హిందీ మాటల్ని చెవితో కాకుండా చాచా పెదవుల మీద చూసి నేర్చుకున్నాడు. భాష చూసి నేర్చుకున్న మనిషి లోకంలో మా బాపు ఒక్కడేనేమో!

పెట్టె ఆ చాచాది. అది ఆయనకు కొంకణం నుంచి వచ్చిన ఒక మిల్లు కార్మికుడు ఇచ్చాడు. సముద్రం ఒడ్డున ఊరు, పడవలు, చేపలు అన్నీ వదిలి బొంబాయి మిల్లులో చేరినవాడట. అతనికి ముందు ఎవరిదో చాచాకు తెలియదు. పెట్టె మూత మీద అగరుబత్తి కాలిన మచ్చలు కొంకణపాయనవి. వేళ్లతో నొక్కే మెట్ల మీద నీలం, ఎరుపు రంగు చుక్కలు చాచావి, ఏ మెట్టు తర్వాత ఏది నొక్కాలో గుర్తుకు పెట్టుకున్నాడు. తిత్తికి వెనకాల అతికిన తోలు ముక్క మాత్రం బాపుది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెను కొట్టే తోలు పట్టీ ఒకటి తెగితే దాన్ని కోసి అతికించాడు. పాటలు పాడే పెట్టెకు మగ్గం తోలు. మంచి దుకాణంలో కొన్న హార్మోనియం పక్కన పెడితే మాది ఆసుపత్రి నుంచి లేచొచ్చినట్టు ఉంటుంది.

దానికి ఒక కట్టుబాటు ఉంది. పెట్టె ఊరు విడిచినవాడి దగ్గరే ఉండాలి. ఊరికి తిరిగిపోయేవాడు దాన్ని వెంట తీసుకుపోకూడదు, ఇంకా పరాయిచోట ఉండిపోయే ఒకడి చేతిలో పెట్టాలి. డబ్బు తీసుకోకూడదు. ఇంకొకటి, చేతులు మారేటప్పుడు పెట్టె చప్పుడు ఆగకూడదు. చాచా ఊపిరితిత్తుల్లో దూది చేరి, దగ్గు పట్టుకొని, ఇక పని చేయలేక ఊరికి పోతున్నప్పుడు ఖోలీలో అందరి ముందు ఒక మెట్టు నొక్కిపట్టి తిత్తి ఊదుతూ బాపును పిలిచాడట. బాపు చెయ్యిని తన చెయ్యి మీద పెట్టించుకున్నాడు. ఇద్దరి చేతులూ కలిసి తిత్తిని కదుపుతుంటే కింద నుంచి తన చెయ్యి మెల్లగా లాగేసుకున్నాడు. చప్పుడు తెగలేదు. అప్పుడే పెట్టె బాపుదైంది.

"నాకు వాయించుడు రాదు చాచా అని అన్న," అని బాపు చెప్తాడు. "ఊరికి పోయినోనికి మాట్లాడెతందుకు మనుషులుంటరు, గీడ ఉన్నోనికి గీ పెట్టె ఉంటది, వాయించుడు అదే వస్తది అన్నడు. గంతే. రైలెక్కి పోయిండు. మళ్ల మొకం సూడలే."

తర్వాత బాపుకు పెండ్లయింది. అవ్వ భివండికి వచ్చింది, నేను అక్కడే పుట్టాను. నాకు బడికి పోయే వయసు వచ్చాక మా షెడ్డు మూతబడింది, మగ్గాలు తుక్కుకు పోయాయి, ఖోలీ ఉన్న కట్టడం ఖాళీ చేయమన్నారు. వచ్చేటప్పుడు బాపు పెట్టెను పట్టుకొని ఎంతమందిని అడిగాడో! ఎవడి గతి వాడికే తెలియకుండా ఉంది, పెట్టె ఎవడికి కావాలి? ఒకడు తీసుకుంటానన్నాడు గానీ బాపు అతని పెదవుల మీద ఇంకో మాట చదివాడట, మర్నాడే అమ్మేస్తానని పక్కవాడికి చెప్పడం. ఇక చేసేదిలేక ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాడు. నాకు ఆ ప్రయాణం లీలగా గుర్తుంది. నేను అవ్వ ఒళ్లో, పెట్టె బాపు ఒళ్లో. నేను ఏడిస్తే నా వైపు చూడలేదు, పెట్టెకు దెబ్బ తగులుతుందేమోనని కిటికీకి చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. అప్పటి నుంచే నాకు ఆ పెట్టె అంటే ఉడుకుమోత్తనం.

సిరిసిల్లకు వచ్చాక బాపు దాన్ని వాయించడం మానేశాడు. ఊరికి వచ్చినవాడు వాయించొద్దని ఎవరూ చెప్పలేదు, ఆయనకు ఆయనే పెట్టుకున్న శిక్ష. "దొంగతనం జేసినట్టే గదా," అనేవాడు. అప్పటికి చెవులు కూడా పూర్తిగా పోయాయి. కానీ పెట్టె మూలకు పడి ఉండకూడదు కాబట్టి నాకు నేర్పాడు. చాచా రంగు చుక్కలు చూసి నేర్చుకున్నాను. వీధిలో భజనలకు పాడేవాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల వెంట పడి పాటలు పట్టుకున్నాను. నాకు గొంతు మంచిగానే ఉండేది, ఇప్పుడే కాస్త బొంగురుపోయింది.

నేను వాయించి పాడుతుంటే బాపు పెట్టె పక్కన బోర్లా పడుకునేంతగా వంగి, చెక్క అంచుకు దవడ ఆనించేవాడు. కళ్లు నా మీదే ఉండేవి. పాట అయ్యాక లేచి, "మంచిగున్నది బిడ్డా" అనేవాడు. ఒక్కోసారి, "గా నడిమిట్ల జర తడబడ్డవ్" అని కూడా అనేవాడు. నిజంగానే తడబడి ఉండేదాన్ని! మా అవ్వ ముక్కు మీద వేలేసుకునేది. చెవులతో విననిది ఎముకతో వింటాడని నాకు నేనే కనిపెట్టుకున్నాను. వీధిలో పిల్లలందరికీ గొప్పలు చెప్పుకున్నాను. మా బాపుకు దవడలో చెవి ఉందే, మీ బాపుకు ఉందా అని.

చిన్నప్పటి ఆ గొప్ప నేను పెద్దయ్యాక కూడా పోలేదు. నాకు పెండ్లయి ఉట్నూర్‌కు పోయాను, మా ఆయన అప్పుడు అక్కడ జీపు నడిపేవాడు. అడవి దారుల్లో సంతల రోజున పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. నాకు గోండు మాటలు రావు, మరాఠీ కలిసిన వాళ్ల తెలుగు సగమే తెలిసేది. పెట్టె కూడా లేదు, నువ్వు ఊరిడువలే, అత్తగారింటికి పోయినవ్ అని బాపు ఇవ్వలేదు. పండక్కి ఇంటికి పోయినప్పుడల్లా గడప దాటగానే పెట్టె దగ్గర కూర్చునేదాన్ని. బాపు వచ్చి దవడ ఆనించేవాడు. అప్పుడు నేను ఇల్లు చేరినట్టు. నోటితో చెప్పుకోలేనివి, చెబితే ఆయన నా పెదవుల మీద చదివి బాధపడేవి, అన్నీ పాటలో కలిపి ఆ చెక్కలోకి పంపేదాన్ని. ఆయనకు చేరుతున్నాయనే అనుకున్నాను. అందుకే మేం సుల్తానాబాద్‌కు మారి, బాపును మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు పెట్టె వెంట రావడం నాకు అన్నిటికంటే సంతోషం. సాయంత్రం బేరాలు తగ్గాక దుకాణంలోనే వాయించేదాన్ని. నా పాట నా బాపుకు అందే దారి అదొక్కటేనని నమ్మాను.

పోయిన వానాకాలం ఒక రోజు బాపు కుర్చీ లోపలికి జరుపుకొని, చాలా పెద్ద సంగతి చెప్పేవాడిలా నా ముందు కూర్చున్నాడు.

"దొరికిండే," అన్నాడు.

"ఎవరు?"

"పెట్టెకు మనిషి."

మా ఎదురుగా బియ్యం గోదాము ఉంది. ఈ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, గోదాముల్లో బస్తాలు మోసేవాళ్లలో ఎక్కువమంది బిహార్ వాళ్లు. లారీ దగ్గర నిలబడే ఒక హమాలీని బాపు కొన్నాళ్లుగా చూస్తున్నాడట. నలభై ఏళ్లు ఉంటాయేమో అతనికి. ఎండకు కమిలిన ముఖం, నెత్తికి ఎర్ర తువ్వాల.

"గాయన పాడుతుండు. దినాం పాడుతుండు," అన్నాడు బాపు.

"నీకెట్ల తెలుసు?"

"పెదవులు సూస్తలేనా? మాట్లాడేటోడు మాట మాటకు నోరు మూస్తడు. పాడేటోడు మూయడు, సాగదీస్తడు. లోపట పాట లేనోడు అట్ల సాగదీయడు. బస్తాల నడుమ నిలబడి పాడుతుండంటే ఎంత దుక్కమున్నదో ఆయనకు!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్నో ఏళ్లుగా వాయిస్తున్నది నేను. రీడ్లలో దుమ్ము ఊదింది నేను. ఎలుకలు కొరకకుండా వేపాకు వేసి కాపాడింది నేను. ఆ మాటే అన్నాను.

"నేను ఊరిడువలేదా బాపూ? పుట్టింది ఒక దగ్గర, పెరిగింది ఒక దగ్గర, కాపురం ఉట్నూర్ల, ఇప్పుడు గీడ. నాకంటె ఎక్కువ ఊర్లిడిచినోళ్లు ఎవలున్నరు?"

"నువ్వు యాడికి వోయినా నీ మనుషులున్నరు బిడ్డా," అన్నాడు. "గది ఒంటిగున్నోనిది. మనది గాదు. నేను తెచ్చుడే తప్పాయె. నేను పోయినంక నువ్వు ఇస్తవా? ఇయ్యవు. నాకు తెల్వదా నీ సంగతి!"

"ఇయ్యను," అన్నాను. "నేను బతికుండంగ గా పెట్టె గడప దాటది."

ఆ రోజు నుంచి ఇంట్లో కురుక్షేత్రం. మా ఇంట్లో అలగడం కూడా వేరేగా ఉంటుంది. వినపడే మనిషితో మాట్లాడడం మానేస్తే తెలుస్తుంది. బాపుతో మాట్లాడడం మానాలంటే ముఖం తిప్పుకోవాలి. అన్నం పెడుతూ ముఖం తిప్పుకునేదాన్ని, మందులు ఇస్తూ ముఖం తిప్పుకునేదాన్ని. ఆయనేం తక్కువ తిన్నాడా! నేను కోపం ఆపుకోలేక ఎదురుగా నిలబడి తిట్టడం మొదలుపెట్టగానే కళ్లు మూసుకునేవాడు. ఇక నేను తిట్టిందంతా గాలికే. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగి, "మామకు ఇష్టమున్నట్టు జెయ్యనియ్యరాదే, ముసలోడు ఎన్నొద్దులుంటడు" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద కూడా ముఖం తిప్పుకున్నాను.

ఎవరికీ చెప్పని భయం ఒకటి నాలో ఉంది. పెట్టె పోతే బాపుకు నా పాట పోతుంది. కళ్లు కూడా మసకబారుతున్నాయి ఆయనకు, సాయంత్రమైతే నా పెదవులు సరిగ్గా చదవలేకపోతున్నాడు. రేపు కళ్లూ పోతే ఆ చెక్క ఒక్కటే మిగులుతుంది. దవడ ఆనిస్తే నేను ఉన్నానని తెలిసే చోటు. దాన్ని ఎవరో దారినపోయేవాడి చేతిలో పెడితే నా బాపు నాకే అందకుండా పోతాడు. నేను ఏడుస్తూ పడుకున్న రోజులున్నాయి.

చివరికి బాపే పంతం సాగించుకున్నాడు. ఒక మధ్యాహ్నం లారీ లేని వేళ చూసి, నాకు చెప్పకుండా రోడ్డు దాటి, ఆ హమాలీ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. అతను తువ్వాలతో చెమట తుడుచుకుంటూ, ఏం తప్పు జరిగిందోనని బిక్కుబిక్కుమంటూ మెట్ల మీదే నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మని హిందీలో అన్నాను. భివండి హిందీ, నాలుక మీద ఇంకా ఉంది. అతని ముఖం విప్పారింది. "దీదీ, మీకు మా భాష వచ్చా?" అన్నాడు.

బాపు పెట్టె మూత తీసి, దాని వైపు చూపించి, పాడమని సైగ చేశాడు. అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను. నువ్వు రోజూ లారీ దగ్గర పాడతావట, ఆ పాట పాడమంటున్నాడు.

అతను తెల్లబోయాడు. "నేను పాడడమేమిటి దీదీ? నాకు పాటలు రావు. నేను బస్తాలు లెక్కపెడతాను."

వాళ్లలో ఒకడు లారీ పక్కన నిలబడి లెక్క చెబుతూ ఉంటాడు. ఒక బస్తా దాటాక రెండోది వచ్చేదాకా ఆ అంకెనే రాగం తీస్తూ, సాగదీస్తూ పట్టుకొని ఉంటాడు, లెక్క తప్పకుండా, మోసేవాళ్ల అడుగు తప్పకుండా. మా ఊళ్లో ధాన్యం కొలిచేవాళ్లు కూడా అలాగే అనేవాళ్లు, నాకు తట్టనే లేదు. సాంచాల మనిషికి పెదవి సాగితే అది పాటే. అంకెకు కూడా రాగం ఉంటుందని ఆయనకు ఏ పెదవి చెబుతుంది?

అతను చెప్పింది బాపు అతని నోటి మీదే చదివేశాడు. నేను తర్జుమా చేయాల్సిన అవసరమే లేకపోయింది. ఆ ముఖం ఎలా వాడిపోయిందో! నాకు మాత్రం గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. అమ్మయ్య, ఇక పెట్టె ఎటూ పోదు. నవ్వు కూడా వచ్చింది. "సూసినవా బాపూ," అన్నాను ఎదురుగా నిలబడి, "లెక్కలు జెప్పేటోన్ని పట్టుకొచ్చి పాటగాడంటివి."

బాపు కళ్లు మూసుకోలేదు. నా మాట పూర్తిగా చదివి, "నాకు వచ్చెనా?" అన్నాడు.

"ఏంది?"

"చాచా నాకిచ్చిననాడు నాకు వాయించుడు వచ్చెనా? వచ్చినోనికే ఇయ్యాలని ఎవలన్నరు?"

బాపు అతన్ని పెట్టె ముందు కూర్చోబెట్టాడు. అతను వేళ్లు లుంగీకి తుడుచుకొని ఒక మెట్టు నొక్కాడు, చప్పుడు రాలేదు. తిత్తి ఊదాలని కూడా తెలియదు పాపం. నేను చెయ్యి చాచి ఊదాను. చప్పుడు లేచింది. అతను వేలు తీయలేదు. అలాగే నొక్కిపట్టి, తల వంచుకొని ఉండిపోయాడు. ఎంతసేపటికీ తీయడు. నేను ఊదుతూనే ఉన్నాను, ఆపితే బాగుండదని. కొంచెంసేపటికి అతను ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"గదిలో ఎనిమిది మందిమి ఉంటాం దీదీ," అన్నాడు. "అందరం ఫోనులో మొఖం పెట్టుకొని పడుకుంటాం. ఇంటికి ఫోను చేస్తే బాగున్నావా అంటారు, బాగున్నానంటాను. ఆ తర్వాత మాట ఉండదు."

ఉట్నూర్‌లో మొదటి ఏడు నాకు గుర్తొచ్చింది. బాగున్నావా అంటే బాగున్నానని అవ్వకు చెప్పి, ఎస్టీడీ బూత్‌లో ఫోను పెట్టేశాక ఎటు పోవాలో తెలియక నిలబడిపోయేదాన్ని. అప్పుడు ఈ పెట్టె నా దగ్గర ఉంటే ఎంత బాగుండునో అనుకునేదాన్ని. బాపు మీద కోపంతో ఏడ్చేదాన్ని కూడా. ఇప్పుడు నాకు మనుషులున్నారు. ఈయనకు లేరు. ఇది తెలుసుకోవడానికి నాకు ఇంత కాలం ఎందుకు పట్టిందో!

అతను తీసుకోనన్నాడు. ఇంత విలువైనది నాకెందుకు, పాడుచేస్తానన్నాడు. బాపు అతనికి హిందీలో కట్టుబాటు చెప్పాడు. చూసి నేర్చుకున్న హిందీ, గొంతు ఎక్కడికో పోతుంది, కానీ అతను ఒక్క మాట వదలకుండా విన్నాడు. ఊరికి పోయేటప్పుడు వెంట తీసుకుపోవద్దని, ఇంకొకడికి ఇచ్చిపోవాలని, అమ్ముకోవద్దని. అతను చెవులు రెండూ పట్టుకొని ఒప్పుకున్నాడు.

బాపుకు ఎడమ భుజం లేవదు, తిత్తి ఊదలేడు. నా వైపు చూశాడు. "ఇచ్చేది నీ చెయ్యే," అన్నాడు.

నేను ఊదుతూ ఉన్నాను. అతను తన అరచెయ్యి నా చెయ్యి మీద పెట్టాడు. బస్తాలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి, బరువుగా, భయం భయంగా ఉంది. ఇద్దరం కలిసి ఊదుతున్నాం. నేను ఇక చెయ్యి తీయాలి. తీయలేకపోయాను. బాపు చూస్తూ ఉన్నాడు. అతనూ తొందరపెట్టలేదు. బయట ఎవరో లారీ హారను కొట్టారు. నేను పంటి బిగువున చెయ్యి కింది నుంచి లాగేసుకున్నాను. చప్పుడు ఒక్క క్షణం వణికింది గానీ తెగలేదు.

అతను పెట్టెను బస్తాలా వీపు మీద వేసుకోలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు ఆనించుకొని, అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా రోడ్డు దాటాడు. గోదాము వెనకాల వాళ్ల గదుల వైపు పోయాడు.

నాకు దుఃఖం ఆగలేదు. కోపమూ ఆగలేదు. బాపు ముందు కూర్చొని, వెలుతురు నా ముఖం మీద పడేలా జరిగి అడిగాను.

"ఇగ నేను పాడితె నువ్వెట్ల వింటవ్ బాపూ? పోయింది గద పెట్టె."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నేనెప్పుడు ఇన్న బిడ్డా?" అన్నాడు.

"దవడ పెట్టి వింటుంటివి గద, ఇన్నేండ్లు?"

"చెక్క అదురుతది. దవడకు తెలుస్తది. గంతే. గా అదురుల నీ పాట యాడుంటది? నీ పాట నేను ఒక్కనాడు ఇనలే."

"మరి మంచిగున్నదంటివి. తడబడ్డవంటివి."

"నీ మొకం సూసి అన్న. మంచిగ పాడిననాడు నీ మొకం మంచిగుంటది. తడబడితె కనుబొమ్మలు ముడుస్తవు. దవడ పెడితె నువ్వు సంబురపడుతుంటివి, అందుకు పెట్టిన. అంతే గాని నా చెవులు బీవండిలనే పోయినయ్ గదనే."

ఇన్నేళ్లుగా నేను చెక్కలోకి పంపినవన్నీ ఎక్కడికీ చేరలేదు. నేను ఉట్నూర్ నుంచి మోసుకొచ్చినవి, అవ్వ పోయినప్పుడు పాడినవి, ఏవీ. నేను బిత్తరపోయి అడిగాను. "అంటే నా గొంతు ఎట్లుంటదో నీకు తెల్వనే తెల్వదా?"

"ఎందుకు తెల్వదు?" అన్నాడు బాపు. "నువ్వు బీవండిల మాటలు నేర్చిననాడు ఇంక జర ఇనవడుతుండె. నేను డ్యూటీ నుంచి వస్తుంటే మెట్ల మీదికి ఉరికొచ్చి బాపూ అని మొత్తుకుంటుంటివి. గా గొంతు ఉన్నది. తర్వాత నీది వేరే గొంతు నాకు ఇనవడలే. ఇప్పుడు నువ్వు నోరు కదిపితె గా పోరి గొంతే ఇనవడుతది. నువ్వు పాడినా గదే, నన్ను తిట్టినా గదే."

నాకు యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, షుగరు, బొంగురు గొంతు. ఇన్ని రోజులూ ఆయన ముందు నిలబడి నేను కాట్ల కుక్కలా అరిచినప్పుడల్లా, ఆ మనిషి లోపల రెండేండ్ల పిల్ల ఒకతి బాపూ అని మొత్తుకుంటూ మెట్ల మీదికి ఉరికొచ్చిందన్నమాట.

"ఏడుస్తున్నవా?" అన్నాడు.

"లేదు," అన్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు.